నాలుగు పెట్టెల తీగ

పొగ ఇంకా పూర్తిగా పోలేదు. ఇస్త్రీ గది కిటికీలన్నీ తెరిచి, కాలిన చొక్కాలను ఆడవాళ్లు బయటికి ఈడ్చేశారు. ఆ ఎనిమిదిమందిలోకీ పెద్దావిడ, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, తడిగుడ్డ చుట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని బల్ల పక్కన కూర్చుంది. మంటను ఆ చేత్తోనే అణిచింది.

యజమాని ఎలక్ట్రీషియన్ చేతికి తెల్లకాగితం ఇచ్చాడు.

"వైరింగు బాగానే ఉంది, ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద మరిచిపోవడం వల్ల అంటుకుంది అని రాసి సంతకం పెట్టు. ఆవిణ్ణి నేను పంపించేస్తా."

ముందు చూసి రాస్తానన్నాడు ఎలక్ట్రీషియన్. చూడ్డానికేముంది? గోడ వెంట తీగ తొడుగు కరిగి, కింద చొక్కాల కుప్ప మీదికి కారిన నల్లటి జాడ గుమ్మంలోంచే కనబడుతోంది.

రెండు నెలల క్రితం కొత్త పెట్టెలు వచ్చాక రోజుకు మూడుసార్లు ఫ్యూజు పోయేది. ఫ్యూజులో లావు తీగ వేసిపారెయ్యమన్నాడు యజమాని. కాదంటే ఈ వీధిలో తనకు పని చెప్పేవాళ్లుండరని ఎలక్ట్రీషియన్ వేశాడు. గోడ వేడెక్కుతోందని పెద్దక్క ఆనాడే అడిగింది. "నేను చూశాగా అక్కా, నీకెందుకు భయం" అన్నాడు.

ఇప్పుడామె అతని వైపే చూస్తోంది.

"నేను మరిచిపోలేదు తమ్ముడూ. ఇన్నేళ్లలో ఒక్క చొక్కా కాల్చలేదు. నీకు తెలుస్తుందిగా, నువ్వు చెప్పు."

ఆ నమ్మకానికి అతని చెవులు భగ్గుమన్నాయి. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసుకుని, ఆనాడు కొలిచిన అంకెలు బల్ల మీద వేశాడు. రెండువందల ముప్పై వోల్టులు. ఒక్కో పెట్టె లాగేది ఐదు ఆంపియర్లు. భాగిస్తే నిరోధం నలభై ఆరు ఓములు. ఆమె పెట్టెకు మీటరు ఆనించాడు. సరిగ్గా నలభై ఆరే చూపింది.

"పెట్టెలో లోపం లేదు. ఐదుని రెండువందల ముప్పైతో హెచ్చవేస్తే పదకొండువందల యాభై వాట్లు. అంత వేడి దానికి మామూలే."

"మరి దేంట్లో ఉంది లోపం?"

"ఎనిమిది పెట్టెలూ కలిసి నలభై ఆంపియర్లు లాగుతాయక్కా. ఈ తీగ మోసేది ఇరవై."

"అంటే నాలుగు పెట్టెలకే ఈ తీగ."

"నాలుగింటికే."

"ఎక్కువైతే ఫ్యూజు పోవాలిగా? ఎందుకు పోలేదు?"

యజమాని దగ్గాడు.

"పోకుండా లావు తీగ వేశాను," అన్నాడు ఎలక్ట్రీషియన్. "నేనే వేశాను."

"ఈ లెక్క నీకప్పుడు తెలీదా?"

"తెలుసు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. కాలిన చేతిని కాస్త పక్కకు జరుపుకుంది, అతని నీడ తగులుతుందేమో అన్నట్టు.

"అయిందా పురాణం?" అన్నాడు యజమాని. "సంతకం పెట్టి కరెంటు ఇవ్వు. పదండి, పనిలోకి పదండి."

ఒక్కరూ బల్లల దగ్గరికి రాలేదు.

"నాలుగు పెట్టెలకంటే ఎక్కువ పెట్టం," అంది పెద్దక్క. "మాలో ఎవర్నీ మానిపించడానికీ వీల్లేదు." ఎలక్ట్రీషియన్ వైపు తిరగకుండానే అంది, "ఆ లెక్క గోడ మీద రాయి, అందరికీ కనబడేలా. ఫ్యూజులో తీగ ఎవరు వేశారో, ఎవరు వేయించారో కూడా రాయి."

ఖాళీ కాగితం జేబులో కుక్కుకుని అతను గోడ దగ్గరికి నడిచాడు. అంకెలు తేలిగ్గానే పడ్డాయి. వాటి కింద 'నేను' అని రాసి ఆగాడు. వెనక యజమాని కేకలేస్తున్నాడు. మసిపట్టిన గోడ మీద సుద్ద జారుతోంది. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.