ఒకే తెర మీద ఇద్దరు

గొట్టం చివర బొటనవేలు అడ్డుపెట్టి, నీటిని పలచటి రేకులా విప్పి బస్సు చక్రాల మీద కొడుతున్నాడతను. బురద పెళ్లలుగా ఊడి కాలువలోకి జారిపోతోంది. డిపోలో బస్సులు కడగడం అతని పని. ఏళ్ల తరబడి నీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడి పగిలాయి. ఎంత తుడిచినా చెమ్మగానే ఉంటాయి.

"ఏంటి, ఇవాళ మాటల్లేవు?" అన్నాడు బస్సు డ్రైవరు.

"ఏం లేదు."

పొద్దున బావతో పడ్డ పేచీ ఇంకా మనసును కెలుకుతూనే ఉంది.

బావ దర్జీ. అక్క పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. అక్క ఉన్న రోజుల్లో టీవీకి తగిలించే ఆటల పెట్టె ఒకటి కొన్నారు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ సోఫాలో చేరి, చెరో కంట్రోలరు పట్టుకుని కార్ల పందెం మొదలుపెట్టేవాళ్లు. టీవీ తెర అడ్డంగా రెండు ముక్కలయ్యేది. పైన బావ కారు, కింద ఇతని కారు. మలుపు వస్తే కార్లతోపాటు మనుషులూ ఒరిగిపోయేవాళ్లు, భుజాలు గుద్దుకునేవి. "బస్సులు కడగడమేనా, నడపడం రాదా?" అని బావ ఎగతాళి చేస్తే, "నువ్వు బొత్తాలు కుట్టుకో, నొక్కకు" అని ఇతను అంటించేవాడు. "కనకుండానే ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను" అని అక్క నెత్తి కొట్టుకునేది.

నిరుడు బావ కంప్యూటరు కొన్నాడు. లోపలి గదిలో గోడవైపు బల్ల వేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముఖం తెలియని వాళ్లతో ఆడడం మొదలుపెట్టాడు. గుమ్మంలోంచి చూస్తే అతని వీపు మాత్రమే కనిపించేది. ఎవరితోనో మాట్లాడేవాడు, ఉన్నట్టుండి నవ్వేవాడు. ఆ నవ్వు దేనికో ఇతనికి తెలిసేది కాదు.

పొద్దున టీ తాగుతూ బావే కదిపాడు.

"ఆ పాత పెట్టె ఇంకా ఎన్నాళ్లురా? కంప్యూటర్లో చూడు, చెట్ల ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు."

"ఆకులు లెక్కపెట్టడానికా కారు నడిపేది?"

"అది కాదురా. అక్కడ బోలెడుమంది ఉంటారు. సరదాగా ఉంటుంది."

"ఇక్కడ నేనొక్కణ్నేగా. అందుకే నీకు సరదా లేదు."

బావ గ్లాసు కడగడానికి లేచాడు. ఇతను చెప్పులేసుకుని వచ్చేశాడు. తనంతట తాను పలకరించేది లేదని దారిలోనే ఒట్టు పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి లోపలి గదిలో కంప్యూటరు వెలుగుతోంది. గుమ్మంలోంచి బావ వీపు, చెవుల మీద హెడ్‌ఫోన్లు. ఇతను సోఫాలో కూర్చుని పాత పెట్టె పెట్టాడు. ఒక్కడే ఆడితే తెర రెండు ముక్కలు కాదు. అంత వెడల్పు రోడ్డూ ఒక్కడికే. బావకు వినపడాలని శబ్దం పెంచాడు. గెలిచినప్పుడల్లా చప్పట్లు కొట్టాడు. చివరికి ఉండబట్టలేక, "మళ్లీ నేనే ఫస్టు, విన్నావా!" అని కేకేశాడు.

లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

భోజనం వేళకు కోపం చల్లారింది. లోపలికి వెళ్లి, "లే బావా, తిందాం" అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం చల్లగా ఉంది. తల కొద్దిగా పక్కకు వాలి ఉంది. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. "బావా," అన్నాడు. మళ్లీ అన్నాడు. తెర మీద బావ కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. దాని వెనక మరికొన్ని కార్లు వరసగా ఆగి ఉన్నాయి.

హెడ్‌ఫోన్లలోంచి దోమ రొదలా ఏదో వినిపిస్తోంది. మెల్లగా తీసి చెవికి ఆనించుకున్నాడు.

"దర్జీగారూ, పలకరేం?" ఎవరో ఆడమనిషి గొంతు. "ఎంతసేపని ఆగాలండీ మేము? మీ బావమరిది ఇంకా రాలేదా? ఇవాళ ఎలాగైనా కూర్చోబెడతానన్నారుగా!"

హెడ్‌ఫోన్ల మైకు నోటి దగ్గరికి జరుపుకున్నాడు.

"వచ్చానండి," అన్నాడు.

పక్కింటివాళ్లు వచ్చారు. బావను ఎత్తి ముందుగదిలోకి తీసుకువెళ్లారు. కంప్యూటరు ఎవరో ఆపేశారు. ఇతను ఆ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఖాళీ కుర్చీకి ఆనుకుని వంటింటి స్టూలు ఉంది. దాని మీద కొత్తగా కుట్టిన మెత్త. అంచుల వెంట దర్జీ సుద్ద గీతలు ఇంకా చెరగలేదు.