అడుగుమెట్టున నిలిచిన కవి

వైశాఖశుక్లపక్షమున నొకానొక యాదివారమునాడు మధ్యాహ్నసమయమున ప్రచండమార్తాండకిరణసంతప్తమై నల్లమలకొండలనుండి దిగివచ్చు వడగాలిచే నుడికిపోవుచున్న నంద్యాలపట్టణమందు వీధులన్నియు నిర్జనములై కుక్కలు సైతము తూములలో దూరి నాలుకలు వ్రేలవైచి యొగర్చుచుండ స్టేషనురోడ్డునందలి కల్యాణమంటప మొకటిమాత్రము మల్లికామాలికాలంకృతద్వారతోరణమై మైకుమ్రోతలతోను పాయసపరిమళముతోను మున్నూఱుమంది పద్యరసపిపాసువుల కోలాహలముతోను కళకళలాడుచుండెను. వారెల్లరు మెడలలో బ్యాడ్జీలు వ్రేలాడదీసికొని యుండిరి. ఆ బ్యాడ్జీలమీద నున్నవి వారి పేర్లు గావు, ఎన్నడో గతించిన కవుల పేర్లు. ప్రొద్దు వాలకముందే యా మంటపమున నెత్తురు పాఱినది. ఎందులకు పాఱెనో చెప్పెదను. ఇంతటి చిన్నసంగతికా యని మీరు ముక్కున వేలు వైచికొందురేని నేనేమియు చేయజాలను. నాకును మొదట నట్లే తోచినది.

పుసులూరి సీతాపతి యనునాతడు పాలిటెక్నిక్కునందు భౌతికశాస్త్రము బోధించు మాస్టరు. బక్కపలుచనివాడు మృదుభాషి నిరంతరగ్రంథావలోకనక్షీణనయనుడు. ప్రశ్న యడిగినవారికి మొదట నొక్కమాటలో జవాబు చెప్పి తీరికగా పిదప వివరించుట తరగతిగదిలో నలవడిన యాతని పద్ధతి. అతడు పదునొకండేండ్లక్రిందట అంతర్జాలమున 'పద్యకేదారము' అను నొక ఫోరమును నెలకొల్పెను. తొలుత నేడుగురే యుండిన యా ఫోరమునందు కాలక్రమమున నాలుగువేలమంది మెంబర్లైరి. ఎవ్వరెన్ని పోస్టులు వ్రాసిరో దానినిబట్టి వారి పేరుక్రింద నొక హోదా తనంతట తానే వెలయునట్లు అందేర్పాటుండెను. తక్కిన ఫోరములయందు జూనియరు సీనియరు అను చప్పిడిమాటలుండగా సీతాపతి కా చప్పిదనము సహింపక సీమకవుల పేర్లు తెచ్చి పెట్టెను. నూఱు పోస్టులు నిండువఱకు మెంబరునకు సింగనగుండ్ల ఓబళకవి పేర ఓబళ యనియు వేయి నిండువఱకు నేలకొండ పేరయకవి పేర పేరయ యనియు ఆపైవారికి ఈదులూరి శరభకవి పేర శరభ యనియు హోదాలు. చూచినవారెల్ల భేషనిరి. కవులకింతకంటె గౌరవమేమున్నదని సీతాపతియు మురిసెను.

ఆ మురిపెమునందే తప్పు పొంచియుండెను. ఏలయన నా ఫోరమున మెంబర్లు క్రమముగా నొండొరులను హోదాతోనే పిలుచుకొన మొదలిడిరి. శరభగారూ నమస్కారము, పేరయగారూ తమ వ్యాఖ్య బాగున్నది, ఇట్లు. ఓబళకుమాత్రము గారు లేదు. క్రొత్తగా వచ్చినవాడు యతి యనగా నేమండీ యని యడిగిన పాపమునకు ఇది ఓబళప్రశ్న యని వెక్కిరించువారు. పొరబడినవానిని ఓబళించితివి పొమ్మనువారు. రెండేండ్లు గడచునప్పటికి ఓబళ యనగా తెలివిమాలినవాడనియే యా నాలుగువేలమందికి నర్థమైపోయెను. మూడువందలేండ్లనాడు గంటముపట్టి సీమపల్లెల యాకలిని పద్యములలో పెట్టిన మహానుభావుని పేరు తిట్టుగా దిగజాఱినదని యొక్కనికైనను తట్టలేదు. పండితులమనుకొనువారికి తట్టవలసినవి యెప్పుడు తట్టినవి కనుక!

ఈ పెడదారి కగ్రేసరుడు రేపాక జనార్దనము. ఉద్యోగవిరమణానంతరము పొద్దుపోక ఫోరమున జేరి యాఱువేల పోస్టులు వ్రాసి శరభులలో పెద్దశరభ మనిపించుకొనెను. ఆ యాఱువేలలో నైదువేలు 'అద్భుతము' అను నేకపదకావ్యములే. వట్టి ఓబళలు సభాస్థలి యను విభాగమున వ్రాయరాదనియు వారికేదైన విన్నపమున్నచో శరభులలో నొకరిద్వారమున పంపవలయుననియు నియమము కల్పించినవాడు నీతడే. పనిభారము తగ్గునుగదా యని సీతాపతి తలయూచెను.

అట్టియెడ సింగనగుండ్ల వీరభద్రుడు ఫోరమున చేరెను. ఈతడు ఓబళకవికి నేడవతరమువాడు. బేతంచెర్లచెంత రాతిక్వారి నడపుచుండెను. శిలాఖండసమానభుజస్కంధుడు. ఓబళకవి గంటము వారింట దేవునిగూటిలో నుండును; ప్రతిదినమును దానికి పసుపుకుంకుమలు పెట్టుదురు. క్వారిలారీలన్నిటిమీదను ఓబళకవి ప్రసన్న యని వ్రాయించినాడు. తాతపేరు చెప్పిన చాలును వానికి ఱొమ్ము రెండంగుళములు పెరుగును. తాతను పొగడువారేమని వ్రాయుచున్నారో చూతమని సెల్లుఫోనున ఫోరము తెఱచిన మొదటినాడే 'ఓరీ ఓబళా నోరుమూసికొనుము' అనుమాట చదివి క్వారిగట్టుమీద కూలబడిపోయెను.

పిదప సంగతి తెలిసికొని విన్నపము వ్రాసెను. మా తాతపేరు పైమెట్టున పెట్టుడు లేదా తీసివేయుడు, అంతే యందున్నది. అది నియమానుసారముగ జనార్దనమునకు చేరెను. ఆయన దానిని సీతాపతికి పంపక తోడిశరభులకు చూపి నవ్వించి యవతల పాఱవైచెను. వీరభద్రుడు మఱల వ్రాసెను. ఇట్లు పదునాఱుసారులు వ్రాసెను. సీతాపతి చెవిని ఒక్కటియు పడలేదు. నూఱు పోస్టులు నింపినచో నీవును సభాస్థలిలో మాటాడవచ్చును గదాయని యెవరో హితవు చెప్పిరి. నూఱు నిండెనా తన పేరుక్రింద ఓబళ తొలగి పేరయ వచ్చును. తాతను విడిచి పైమెట్టెక్కుటకు వానికి మనసొప్పలేదు. తొంబదితొమ్మిదవ పోస్టువద్ద వ్రేళ్ళు ముడిచికొని కూర్చుండెను. మొండివాడు, నిజమే. కాని యా మొండితనము చూచి నాకు కనులు చెమర్చినవి.

వార్షికసభ యా యాదివారమున జరుగుచున్నదని తెలిసి యింక నెదుటనే యడిగెదనని విన్నపము కాగితము మడిచి జేబున పెట్టుకొని యొంటిగా వచ్చెను. వాకిట నెవరో వాని మెడలో ఓబళ యను బ్యాడ్జి తగిలించిరి. మంటపమున ముందు వరుసల శరభులు నడుమ పేరయలు కడపట వంటశాలగోడనంటి యఱువదిమంది ఓబళలు. దీపము వెలిగించిరి, ప్రార్థన పాడిరి, ఉపన్యాసములు సాగినవి. భోజనములైన పిమ్మట జనార్దనము మైకు చేతబట్టి మందహాసముతో ప్రకటించెను.

"ఓబళలందఱును లేచి విస్తళ్ళు తీయవలయును."

మున్నూఱుమందిలో సగముమంది పకపక నవ్విరి. వీరభద్రుడు లేచెను. వరుసలు చీల్చుకొని పోయి వేదిక యెక్కి కాగితము చాచెను. తల వంచి యనెను.

"అది మా తాత పేరు సామీ. ఎంగిలాకులెత్తే పేరు కాదది. మార్చండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

క్వారిలో నలువదిమందిని శాసించువాడు కాళ్ళు పట్టుకొందుననెను. అచ్చటనైనను ఆగియుండవలసినది. జనార్దనము కాగితమువంకనైన చూడక మైకులోనే పలికెను.

"మొదట నూఱు నింపి రమ్ము, పిమ్మట మాటాడుదము ఓబళా."

వీరభద్రుని పిడికిలి యాయన మోమున పడిన చప్పుడు మైకుద్వారమున మంటపమంతయు ప్రతిధ్వనించెను. పండ్లు రెండూడి వేదికమీద దొరలినవి. నెత్తురు తెల్లనిలాల్చీమీద జాలువాఱ జనార్దనము వెల్లకిల పడిపోయెను. శరభులు నలువు రొక్కుమ్మడి దుమికి వీరభద్రుని మెడ బిగించిరి. వాడు విదిలించినంతట నొకడు వేదిక యంచున బడి మోచేయి విఱిగి యాక్రోశించెను. అంతలో కడపటివరుసలనుండి యొక కుర్చీ గాలిలో లేచివచ్చి ముందువరుసన నొక పండితుని నొసలు చీల్చెను. ఆపై నాపువారు లేరు. ఏండ్లతరబడి ఓబళా యనిపించుకొన్నవారి కడుపుమంట యంతయు నొక్కసారిగా బయటబడి వారు కుర్చీకాళ్ళు విఱిచి శరభులమీద కుఱికిరి. నడుమనున్న పేరయలు రెండువైపులను దెబ్బలు తినిరి. గాజుతలుపు భళ్ళున పగిలి యొకని కాలు మోకాలినుండి మడమవఱకు కోసికొనిపోయెను. సాంబారుగుండిగ బోర్లపడి కాళ్ళు కాలినవారు గోలపెట్టిరి. ఛందోవ్యాకరణాలంకారశాస్త్రపారంగతులు జుట్లు పట్టుకొని నేలమీద పొరలిరి. వ్రాయుటకు సిగ్గగుచున్నది. చూచినది వ్రాయక తప్పదు.

వీరభద్రుడు వేదికమీది యిత్తడిదీపపుసెమ్మె పెఱికికొని పడియున్న జనార్దనమువైపు తిరిగెను. ఆ క్షణమున వంటవారితో లెక్కలు చూచుచుండిన సీతాపతి వంటశాలనుండి పరుగెత్తివచ్చి నడుమ నిలిచెను. ఆ బక్కప్రాణి రెండుచేతులు చాపి నిలిచెను. ఫోరము పెట్టిన సీతాపతిగారూ, తప్పుకొనుడని క్రిందినుండి యెవరో కేకవైచిరి. నిప్పులు చెఱుగుచున్న కన్నులతో వీరభద్రుడడిగెను.

"మా తాత పేరు అడుగుమెట్టున పెట్టింది నువ్వేనా?"

"నేనే," అనెను సీతాపతి.

ముందొక్కమాట పిదప వివరణము. ఆ వివరణమునకు సెమ్మె యెడమీయలేదు. ఎడమకణతమీద పడినది. కఱుక్కుమను నా చప్పుడు విన్నవారు నేటికిని చెప్పుకొందురు. సీతాపతి మోకాళ్ళమీద కూలి పక్కకొఱగెను. చెవినుండి నెత్తురు సన్నగా కాఱి వేదికమీది ముగ్గును తడిపెను. మంటపమున కొట్లాట యొక్కొక్కమూల నాగిపోయెను. చేతులలోని కుర్చీకాళ్ళు నేలరాలినవి.

వీరభద్రుడు సెమ్మె జాఱవిడిచి చతికిలబడి యాతని తల యొడిలోనికి తీసికొనెను. సీతాపతి కన్నులు తెఱచి యెవరో పిల్లవానికి పాఠము చెప్పుచున్నట్లు మెల్లగా ననెను.

"మా అమ్మ నాకు అక్షరాలకంటే ముందు ఆయన పద్యం నేర్పింది నాయనా. మొదట వచ్చినాయన కాబట్టి మొదట పెట్టినాను."

ఓబళశతకమునంతయు నొక జీర్ణప్రతినుండి రెండు వేసవులు కూర్చుండి టైపుచేసి ఫోరమున నుంచినవాడాతడే. దానిని తెఱచి చదివినవారు నాలుగువేలమందిలో పట్టుమని పదిమంది లేరు. వీరభద్రుడును చదివియుండలేదు. గంటమునకు కుంకుమ పెట్టినాడు. లారీలమీద పేరు వ్రాయించినాడు. తాతపద్య మొక్కటియైన నోటికి రాదు. ఆకలిగొన్న పిల్లకు తల్లి కొండమీది చందమామను జొన్నరొట్టెగా చూపి నిద్రపుచ్చు పద్యమొకటి శతకమునందున్నది. సీతాపతి యా పద్యమెత్తుకొనెను. మొదటిపాదము స్పష్టముగా వచ్చెను. రెండవది నెత్తుటితో వచ్చెను. మూడవపాదము ముగించి నాలుగవది నీవందుకొనుమన్నట్లు వీరభద్రుని మొగము చూచెను. వీరభద్రుడు నోరు తెఱచెను. ఏమియు రాలేదు. తలయెత్తి మంటపమంతయు కలయజూచెను. గాయములతో నిలిచిన మున్నూఱుమంది పద్యప్రియులలో నొక్కనికిని రాలేదు. నాలుగవపాదముకొఱకు కనిపెట్టుకొనియే సీతాపతి ప్రాణములు విడిచెను.

పోలీసులు వచ్చునంతవఱకు వీరభద్రుడా తల నొడిలోనుండి దింపలేదు. కోర్టులో వకీలు వలదనుచున్నను నేనే చంపితినని చెప్పెను. యావజ్జీవశిక్ష పడినది. జనార్దనము కట్టుడుపండ్లతో కోలుకొని తోడిశరభులతో సమావేశమై హోదాలనుండి కవుల పేర్లన్నియు తీసివేయించెను. ఇపుడందు క్రొత్తవారు పాతవారు అని మాత్రమున్నది. ఓబళా యని తిట్టువారు లేరు. వీరభద్రుడు కోరినది జరిగినది. ఓబళప్రసక్తియే కలహకారణమని యెంచి శతకమునుగూడ ఫోరమునుండి తొలగించిరి. ఆ జీర్ణప్రతి యెక్కడిదో సీతాపతికి తక్క నెవ్వరికిని తెలియదు.

రెండేండ్ల తరువాత కడపజైలులో రాళ్ళుకొట్టుచోట పత్తికొండవైపునుండి క్రొత్తగా వచ్చిన ఖైదీయొకడు వీరభద్రుని ప్రక్కన కూర్చుండి నీవేల వచ్చితివని మాటవరుసకడిగెను. ఓబళకవి పేరుకొఱకని వీరభద్రుడు చెప్పెను.

"ఎవురప్పా ఆయన?" అనెను వాడు.

వీరభద్రుడు సమ్మెట ప్రక్కన పెట్టెను. మా తాత యనలేదు. కన్నులు మూసికొని చేతులు జోడించి యా తల్లి పద్యము చదివెను. ఒడిలో విన్నది విన్నట్లే యెక్కడను తడబడక చదివెను. మూడుపాదములైన పిమ్మట నిలిచిపోయెను. ఖైదీ బాగుందప్పా కడమది గూడ చెప్పమని యడిగెను. వీరభద్రుడు సమ్మెట యెత్తుకొని రాతిమీద వేసెను.