జుట్టుకు గడి లేదు

నా భార్య వకుళ పెద్దకర్మ అయిన నాలుగో రోజు మా అమ్మాయి హంసిని నన్ను తన ల్యాబ్‌కు తీసుకుపోయింది. ఇంట్లో ఒక్కణ్ణే ఉండొద్దంది. ఆమె తిరుపతిలో యూనివర్సిటీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ చెబుతుంది. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను నమోదు చేసే టోపీ తయారుచేసింది. తలకు జెల్ పూయక్కర్లేదు; పల్లె ఆసుపత్రిలో నర్సు ఒక్కతే పెట్టగలదు. ఆ రోజు నాకు పెట్టింది. తెర మీద గీతలు శుభ్రంగా వచ్చాయి.

అలాంటి ఫలితాలు చూసి, శ్రీసిటీ పారిశ్రామికవాడలోని ఒక కంపెనీ టోపీని తయారుచేస్తామంది, ఆ విభాగం హంసిని చేతికే ఇస్తామంది. మూడు నెలల తర్వాత, ఒక సోమవారం, వాళ్ళ ఇంజనీరు నిస్సార్ చూడడానికి రావాలి. ముందటి శుక్రవారం ఆమె మళ్ళీ నన్నే కూర్చోబెట్టింది. గీతలు చిందరవందరగా వచ్చాయి. టోపీ మార్చింది, తీగలు మార్చింది. ఆఖరికి నా తల మీద చెయ్యి పెట్టి చూసింది.

"నాయనా, నీకు జుట్టు వచ్చింది."

పాత పరీక్షల వీడియోలు తీసింది. నలభై మందిలో ముప్పై ఒక్కరివి గుండ్లే. మిగతా తొమ్మిది మంది గీతలు చెడితే, తల కదిలించారనుకుని అప్పట్లో పక్కన పెట్టేసింది. వాళ్ళను టెక్నీషియన్ ప్రతాప్ అలిపిరి దగ్గరి లాడ్జీల్లో అడిగి తెచ్చాడు. మా ఊళ్ళో గుండును ఎవరూ రెండోసారి చూడరు. ఫారంలో వయసుకు, బరువుకు, వాడే మందులకు గడులున్నాయి. జుట్టుకు లేదు.

"సోమవారం ఒక్కరోజే కదా మేడం," అన్నాడు ప్రతాప్. "సార్‌కు ఇంకోసారి గుండు కొట్టిస్తే సరిపాయె. తోడుగా నేనూ కొట్టించుకుంటా."

"జుట్టున్నోళ్ళకు ఫిట్స్ రావా అప్పా?" అంది హంసిని.

నా గుండు వకుళ కర్మకు చేయించుకున్నదని ప్రతాప్‌కు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తప్పు సార్ అన్నాడు. పరవాలేదన్నాను.

"కంపెనీ ఉద్యోగం పోతుందేమోనమ్మా," అన్నాను.

"పోతే ఈడ పాఠాలుండాయి నాయనా. ఆడికి పోతే పనిచేసే వస్తువుతోనే పోతా."

సోమవారం నిస్సార్‌కు రెండు రికార్డింగులు పక్కపక్కనే చూపించింది. "రెండూ మా నాయనవే. ఇది గుండుతో, ఇది జుట్టుతో. తప్పు నాదే."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని రెండూ మళ్ళీ చూశాడు. "సరిచేయడానికి ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు. లోపలి మొనలు జుట్టు సందులో దూరి తలకు తగిలేటట్టు, దువ్వెన పళ్ళ మాదిరి పొడుగు చేయాల."

"ఈడ మీకు టెండరు పిలిచేదానికే ఆరు నెలలు మేడం. మా కాడికే వచ్చి చేయండి."

"పరీక్షకు మీ కాడ జుట్టున్న తలలు వంద దొరుకుతాయా? వారంలో మూడు రోజులు మీ కాడ టోపీ అచ్చులు పోయిస్తా, రెండు రోజులు ఈడ పరీక్షలు చేస్తా. యూనివర్సిటీని శనివారమే అడిగినాను. సరేనన్నారు."

నిస్సార్ నవ్వాడు. టోపీ ఒప్పందం మీద ఆ రోజు సంతకం పెట్టలేనన్నాడు. ఆమె ఆఫర్ లెటరు మాత్రం బల్ల మీద పెట్టి, రెండు రోజుల సంగతి అందులో తన చేత్తోనే రాశాడు.

అతను పోయాక హంసిని నా వైపు తిరిగింది. "రేపు నూనె పెట్టుకోని రా నాయనా. అందరూ ఎట్లొస్తారో అట్ల."

వకుళ పోయినాక ఇంట్లో తలనూనె సీసా మూత తీయలేదు. మర్నాడు పొద్దున రెండు చెంచాలు తలకు రాసుకుని ఏడున్నర బస్సెక్కాను.