పూజగదిలో సర్వరు

వెంకటప్పయ్య గారింట్లో సర్వరుని పూజగదిలో పెట్టింది భక్తితో కాదు. ఆ ఇంట్లో ఎలుకలు తిరగని గది అదొక్కటే. మిగతా గదుల్లో వడ్లూ, మిరపకాయలూ, వాటినే నమ్ముకుని బతికే ఎలుకలూ. సత్తుపల్లి బజారు దుమ్ము కూడా అంత లోపలికి చేరదు. సర్వరుకి దుమ్ము తగలకూడదు, కనపడ్డ ప్రతివాడూ దాన్ని ముట్టుకోకూడదు అని చెప్పింది జైరామే. తను చెప్పిన మాట తిరిగి తిరిగి తనకే తగులుతుందని పాపం అనుకోలేదు.

జైరాం అక్కడ కంప్యూటర్ మాస్టారు. తండాలో పుట్టి, భద్రాచలం హాస్టల్లో చదివి, హైదరాబాదులో డిప్లొమా చేసి వచ్చాడు. వెంకటప్పయ్యది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. అశ్వారావుపేట వైపు వేసిన పామాయిల్ తోట కలిసొచ్చేసరికి, ఇంటి ముందు హాల్లో కంప్యూటర్ సెంటరు పెట్టాలన్న బుద్ధి పుట్టింది. తొంభై అయిదు నాటి సంగతి. కంప్యూటర్ నేర్చినవాణ్ణి ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని జనం నమ్మే రోజులు.

మిషను మిషనుకీ ఒక హార్డ్ డిస్కు కొనాలంటే వెంకటప్పయ్యకి ప్రాణం ఉసూరుమంది. అప్పుడు జైరామే ఉపాయం చెప్పాడు. డిస్కు ఒక్క సర్వరులో ఉంటే చాలు. హాల్లో మిషన్లకి తలా ఒక కార్డు, ఆ కార్డులో చిన్న చిప్పు. స్విచ్చి వెయ్యగానే ఆ చిప్పు కేబులు వెంట సర్వరుని పిలుస్తుంది, నేను లేచాను, నాకేమీ తెలియదు, ఏం చెయ్యమంటావని. సర్వరు తన దగ్గరున్నది పంపిస్తుంది. అది చదువుకుని మిషను పనిలోకి దిగుతుంది.

"ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఒకటే పొయ్యి, అందరికీ అన్నం" అన్నాడు వెంకటప్పయ్య.

"అవ్ సార్. పొయ్యి ఆరితే అందరు పస్తే."

హాల్లోనే కూర్చుని సర్వరుని జైరాం సిద్ధం చేశాడు. మొదటి మిషను డిస్కు లేకుండా లేచి నిలబడ్డ రోజు అతని ఆనందం చూడాలి. మర్నాడు వెంకటప్పయ్యా ఆయన బావమరిదీ స్నానాలు చేసి వచ్చి సర్వరుని లోపలికి మోసుకుపోయారు. ఆ గదిలోకి బయటివాళ్ళు రాకూడదు. వెంకటప్పయ్య తల్లి బుల్లెమ్మ గారి శాసనం అది. ఆమె పేరు చెబితే ఇంట్లో పిల్లి కూడా తప్పుకు నడుస్తుంది. బయటివాళ్ళంటే అందరూ కాదనీ, బావమరిది స్నేహితులు వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారనీ జైరాం త్వరలోనే గమనించాడు.

ఆనాటి నుంచీ సర్వరుకి ఏం కావలసివచ్చినా వెంకటప్పయ్య భార్య ప్రమీలారాణే చూసేది. ఆమె బి.ఎస్సీ. చదివింది. తలంటుకుని లోపలికి వెళ్ళి కీబోర్డు ముందు కూర్చునేది. జైరాం హాలు గుమ్మంలో నిలబడి కేకేసేవాడు.

"మాస్టారూ, ఏదో అడుగుతోంది. అవునా కాదా అంటోంది."

"వై కొట్టండి మేడం. కొట్టి ఎంటర్ నొక్కండి."

జైరాంకి ఆ గదిలో దేవుళ్ళతో పనిలేదు. అతని దేవుళ్ళు అతనికి తండాలో ఉన్నారు. తన చేత్తో బిగించిన మిషను దగ్గరికి తాను పోలేకపోవడమే గొంతులో ముల్లయింది. కన్నబిడ్డని పక్కింటి గోడమీంచి చూసుకున్నట్టుంది అతని పని. ఆ గడప ఒక్కసారి దాటాలి. దొంగతనంగా కాదు, రమ్మంటే దాటాలి. ఈ కోరిక తల్లి రూప్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వెంకటప్పయ్య దొడ్డి చివర, ఒకప్పుడు ఎరువులు దాచిన గదిలో తల్లీకొడుకులు కిరాయికుంటున్నారు.

"రానియ్యకుంటే నీకేంది? జీతమిస్తుండ్రు గద" అనేది రూప్లి. అలా అన్న రోజున ఆమె కూడా సరిగ్గా తినేది కాదు.

మే నెలలో పరీక్ష వచ్చింది. ఖమ్మం నుంచి అధికారి వచ్చి పిల్లల చేత మిషన్ల మీద చేయించి మార్కులు వేస్తాడు. పరీక్ష దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం హాల్లో మిషన్లన్నీ ఒక్కసారి మొరాయించాయి. స్విచ్చి వేస్తే సర్వరుని పిలుస్తాయి, జవాబు లేదు, మళ్ళీ పిలుస్తాయి. ప్రమీలారాణి లోపల చెప్పినవన్నీ కొట్టి చూసింది. లాభం లేకపోయింది.

"లోపల కార్డు కదిలినట్టున్నది సార్. మూత విప్పి చూడాలె" అన్నాడు జైరాం.

వెంకటప్పయ్య అటూ ఇటూ చూశాడు. బుల్లెమ్మ బంధువులతో కలిసి పర్ణశాల వెళ్ళి ఉంది.

"అమ్మ ఊళ్ళో లేదుగా. కాళ్ళు కడుక్కుని నువ్వే రావయ్యా."

జైరాం కాళ్ళు కడుక్కున్నాడు. ఒకటికి రెండుసార్లు కడుక్కున్నాడు. గడప దాటాడు. లోపల పటాలూ, నూనె వాసనా, చల్లదనం. ఓ మూల పట్టుగుడ్డ కప్పుకుని, నుదుట కుంకుమ బొట్టుతో అతని సర్వరు. అతనికి నవ్వొచ్చింది. మూత విప్పి, కార్డు ఊడదీసి, దాని గాడిలో మళ్ళీ గట్టిగా నొక్కి, మూత బిగించాడు. కాసేపటికి హాల్లోంచి పిల్లలు మిషన్లు లేచాయని కేకేశారు.

వెంకటప్పయ్య అతని భుజం తట్టాడు. "నీకు అడ్డేముందయ్యా, నువ్వు మా ఇంట్లోవాడివి కాదూ."

జైరాంకి సంతోషమేసింది. దాచుకోలేదు. ఇంటికి పోగానే తల్లికి చెప్పాడు. రూప్లి పొద్దు గుంకకముందే బస్సెక్కి తండాకి పోయింది. తన కొడుకుని దొరలు తమ దేవుడి గదిలోకి పిలిచారని ఇంటింటికీ తిరిగి చెప్పింది. తన చెల్లెలు దేవ్లాకి రెండుసార్లు చెప్పింది.

మర్నాడు పొద్దున సర్వరు అసలు వెలగలేదు. పరీక్ష ఆ మరుసటి రోజే. ఈసారి వెంకటప్పయ్య జైరాంని లోపలికి రమ్మనలేదు. తానే మిషనుని మోసుకొచ్చి హాల్లో బల్లమీద పెట్టాడు.

"వానకి కారిందేమో చూడు" అని బజార్లోకి వెళ్ళిపోయాడు.

బయట రోహిణికార్తె ఎండ రోళ్ళు పగలగొడుతోంది. జైరాం మూత విప్పాడు. బోర్డు మీద పచ్చటి చారలు, ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలితో తాకి వాసన చూశాడు. పసుపు నీళ్ళు. మైలపడ్డ గదిని శుద్ధి చేసినప్పుడు మామిడాకుతో చల్లే నీళ్ళు. ముసలమ్మ తిరిగొచ్చి ఉంటుంది, ఎవరో కబురు మోసి ఉంటారు, పాతకాలం మనిషి, ఏం చేస్తాం అనుకున్నాడు. ఆమెని క్షమించేశాడు కూడా. కాఫీ గ్లాసు తెచ్చిన ప్రమీలారాణితో అదే మాట అన్నాడు.

"పెద్దమ్మగారికి చెప్పకుంటే అయిపోతుండె మేడం."

ప్రమీలారాణి గ్లాసు బల్లమీద పెట్టింది. అతని మొహం చూడలేదు.

"అత్తయ్య ఇంకా పర్ణశాల నుంచి రాలేదు మాస్టారూ. మీరటు వెళ్ళగానే పట్టుగుడ్డ తీసి నానవేయించి, ఆయనే చల్లారు."

జైరాం స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముసలమ్మ చల్లి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. భుజం తట్టిన చెయ్యే మామిడాకు పట్టింది. ముందు సిగ్గేసింది, ఏ తప్పూ చెయ్యనందుకు సిగ్గు. కోపం ఆ తర్వాత వచ్చింది. కాఫీ తాగలేదు.

సర్వరుని ఎత్తుకుని దొడ్డి దాటి తన గదికి పోయాడు. స్పిరిటులో ముంచిన దూదితో బోర్డంతా తుడిచి, టేబుల్ ఫ్యాన్ ముందు ఆరబెట్టి, కాలిపోయిన ఫ్యూజు మార్చాడు. సర్వరు వెలిగింది. పూజగదికి పోయే కేబులు ఊడదీసి దొడ్డి మీదుగా తన గదికి లాగాడు. మర్నాడు పరీక్షకి హాల్లో మిషన్లన్నీ స్విచ్చి వెయ్యగానే ఆ ఎరువుల గదిని పిలిచాయి, జవాబు తీసుకుని లేచాయి. అధికారి మెచ్చుకున్నాడు. వెంకటప్పయ్య ఆయనకి శాలువా కప్పాడు.

ఆయన్ని బస్సెక్కించాక వెంకటప్పయ్య జైరాం గది దగ్గరికొచ్చాడు. గుమ్మం బయటే ఆగాడు.

"ఇక దాన్ని లోపల పెట్టిద్దాం జైరాం. ఇక్కడ దుమ్ము కదా."

జైరాం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రమ్మనలేదు.

"దుమ్ము నేను తుడుస్త సార్. మిషను ఈడనే ఉంటది. ఈడికి ఎవరొచ్చిపోయినా మేం నీళ్ళు చల్లం."

వెంకటప్పయ్య తేలు కుట్టిన దొంగలా కాసేపు కేబులు వైపు చూసి, "నీ ఇష్టం" అని వెనక్కి తిరిగాడు.

ఆ మధ్యాహ్నమే తండా నుంచి తిరిగొచ్చిన రూప్లి పొయ్యి దగ్గర కూర్చుని ఇదంతా చూసింది. మాటలు సరిగ్గా వినపడలేదు గానీ, కొడుకు నిలబడ్డ తీరు ఆమెకి నచ్చలేదు.

"ఏంది కొడుకా, గట్ల తలుపు కాడ నిలబెట్టి పంపిస్తివి? గౌరవమున్న మనిషి. నిన్ను దేవుని గదిలకు పిలిచిండు. తండల అందరు ఆయనకు దండం పెట్టమన్నరు."

జైరాం తల్లి ముఖంలోకి చూశాడు. రెండు రోజులైనా ఆ ముఖంలో వెలుగు ఇంకా తగ్గలేదు.

"తప్పైంది యాడీ" అన్నాడు. "మళ్ళొస్తే లోపటికి పిలుస్త."