ఎనభై మూడు సాయంత్రాల ఉప్పు

ఆ పుల్లలు పెట్టించుకోమని జియోనెను పోరింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, రేపు ఇంకెవరో చెప్పగా విని నన్ను ఆడిపోసుకోవద్దు. జియోనె నా మనవరాలు, నేను పెంచిన పిల్ల. దానికి ఏడాదిన్నర తేడాతో ఇద్దరు పుట్టేసరికి నాకు బెంగ పట్టుకుంది. మా హెల్త్ సెంటర్‌లో జబ్బ చర్మం కింద రెండు సన్నటి పుల్లలు పెడతారు. అవి ఐదేళ్ళపాటు ఒంట్లోకి హార్మోను మందు వదులుతూ ఉంటాయి, కడుపు రాదు. చాలామందికి హాయిగానే ఉంది. పక్కింటి అయినెసి అయితే అవి ఉన్నట్టే తెలియదంటుంది. మా పిల్లకు మాత్రం పడలేదు.

రెండో ఏడు నడుస్తుండగా నెలసరి మొదలై ఆగడం మానేసింది. మా చెవా తెగవాళ్ళలో ఆ రోజుల్లో ఆడది కూరలో ఉప్పు వేయదు. వేస్తే తిన్నవాళ్ళకు దగ్గూ ఆయాసం పట్టుకుంటాయంటారు. ఎవరైనా చిన్నపిల్ల చేతనో, నాలా ముట్లుడిగిన ముసలిదాని చేతనో వేయిస్తారు. జియోనె పిల్లలు మరీ పసివాళ్ళు. అందుకని రోజూ సాయంత్రం నా గుమ్మం ముందుకొచ్చి నిలబడేది. నేను లేచి వెళ్ళి, ఉసిపా చేపల కూరలోనో గుమ్మడాకు కూరలోనో చిటికెడు వేసి వచ్చేదాన్ని.

"నన్ను ఉప్పు మేస్త్రీగా పెట్టుకున్నావేంటే? జీతమెంత?" అని మొదట్లో వేళాకోళమాడాను. నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. బోరింగు నుంచి నీళ్ళ బకెట్ తెస్తూ రెండుసార్లు దారిలో కూలబడింది. అప్పుడు కూడా, ఓర్చుకోవే, అదే సర్దుకుంటుంది అన్నాను. నా నోరు పడిపోను, అంత పని చేశాను.

చివరికి ఒక పొద్దున జియోనె, పుల్లలు తీయించేసుకుంటానని చెప్పింది. నన్ను అడగలేదు, చెప్పింది. దాని మొగుడు లైటన్, చేపలకు వెళ్ళే మనిషి, ఒళ్ళు నీది, నీ ఇష్టమేనని వల భుజాన వేసుకుని పోయాడు. నేను తోడు వెళ్ళాను.

మా దగ్గర ఎవరి ఆరోగ్య పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంటుంది. నర్సు ఫలేసి, ఇంకా పెళ్ళికాని పిల్ల, పుస్తకం తిప్పి చూసింది. పోయినసారి జియోనెను ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే ఏమీ లేవందట. అదే రాసి ఉంది.

"ఐదేళ్ళకని పెట్టినవి రెండేళ్ళకే తీసేయమంటే ఎలాగమ్మా? కొంచెం కొంచెం కనపడటం మామూలే. మాత్రలిస్తాను, మూడు నెలలాగి రా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచాను. జియోనె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"నువ్వూరుకో అమ్మమ్మా. చెయ్యి నాది, నేను చెప్పుకుంటా."

చెప్పింది. ఎక్కడా ఆగలేదు.

"పోయినసారి మీకు అబద్ధం చెప్పాను సిస్టర్. వెనకాల లైన్లో మగవాళ్ళున్నారని సిగ్గేసింది. ఇది కొంచెం కాదు. వరసగా ఎనభై మూడు సాయంత్రాలు మా ఇంట్లో కూరకి ఉప్పు ఈవిడే వేసింది. ఒక్కరోజు కూడా నేను వేయలేదు."

ఫలేసి రాయడం ఆపేసింది. తనూ మా వాళ్ళ పిల్లే, ఆ మాటకు అర్థమేమిటో వేరే చెప్పక్కర్లేదు. నిజమేనా అవ్వా అన్నట్టు నా వంక చూసింది. మొక్కజొన్న పూతకొచ్చినప్పుడు మొదలైంది, కంకులు విరిచి ఇంటికి తెచ్చుకున్నా ఇంకా వేస్తూనే ఉన్నానని చెప్పాను. జియోనె ఎనభై మూడూ లెక్కపెట్టుకుందని మాత్రం నాకూ అప్పుడే తెలిసింది.

ఫలేసి దాని కంటి రెప్ప కిందకి లాగి చూసింది. వేలు గుచ్చి రక్తం చూసింది. రక్తం బాగా తగ్గిపోయిందని ఒప్పుకుంది. అయినా నసిగింది. ఇంతమందికి ఎందుకు తీసేస్తున్నావని పైవాళ్ళు అడుగుతున్నారట.

జియోనె పుస్తకాన్ని ఆమె ముందుకు జరిపింది.

"సరే సిస్టర్. అయితే నేను తీయమన్నానని, మీరు తీయనన్నారని ఇందులో రాయండి. కింద సంతకం పెట్టండి."

ఫలేసి పెన్ను ఆ తెల్ల పేజీ మీద పెట్టి, మళ్ళీ తీసేసింది. తర్వాత లేచి కిటికీ తెర వేసి, చేతులకు తొడుగులు వేసుకుంది. చెయ్యి చాపమ్మా, ముందే తీయాల్సింది అంది. మత్తు సూది పొడిచి, చిన్న గాటు పెట్టి, రెండు పుల్లలూ లాగి పళ్ళెంలో వేసింది. ఇంతా చేస్తే అగ్గిపుల్లలంత ఉన్నాయి, అంతే. నాకు కన్నీళ్ళాగలేదు. కట్టు కట్టి, రక్తం పట్టడానికి మాత్రలు రాసింది. ఇకమీదట కడుపు రాకుండా ఏం వాడతావని అడిగింది.

"ఇంజెక్షన్ వేసేయండి, అదే నయం" అన్నాను నేను ఠక్కున.

జియోనె నా వైపు తిరిగి నవ్వింది. ఎన్నాళ్ళైందో దాని నవ్వు చూసి.

"అమ్మమ్మా, నువ్వెళ్ళి బయట కూర్చో. మీరు అన్నీ చెప్పండి సిస్టర్, విని నేనే ఎంచుకుంటా."

పెంచి పెద్దచేసినదాన్ని, గదిలోంచి గెంటించుకున్నాను. కోపం రావాలి కదా, రాలేదు. బయట బల్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కనున్నావిడ కంగారుగా లోపల మీవాళ్ళకేమైందని అడిగింది.

"ఏమీ కాలేదమ్మా, మాట్లాడుతోంది" అన్నాను.