పలకకూడదనుకున్న పిలుపు

పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పెద్దాయన దుకాణం ఇంటి ముందు గదిలోనే. వెనక గదిలోంచి భార్య ఊరికూరికే "ఏమండీ!" అని కేకేసేది. మాటలొచ్చే వయసులో మనవరాలు ఆ కేకే పట్టేసింది. "ఏమండీ, చెప్పులు తొడగండి" అని అది కాళ్లు చాపితే అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఎవరూ దిద్దలేదు.

ఆవిడ పోయాక, ఆయన్ని ఏమండీ అనే గొంతు ఆ ఒక్కటే మిగిలింది.

"బడిలో కూడా వేశాం, ఇంకా ఇదేం పిలుపు నాన్నా? మాన్పించు" అని కూతురు పోరుతూనే ఉంది. "పోనీలేవే, చిన్నపిల్ల" అని ఆయన దాటేస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం బడి గేటు దగ్గర ఆయన్ని చూడగానే పిల్ల "ఏమండీ!" అంటూ పరిగెత్తుకొచ్చింది. వెనకాల పిల్లలు గొల్లుమన్నారు. "ఒసేయ్, మీ ఆయనొచ్చాడే!" అందో గడుగ్గాయి. పిల్ల ఆయన చెయ్యి విడిపించుకుని దారంతా ముందే నడిచింది. ఇంటికి రాగానే మంచం కింద దూరి, "రేపట్నుంచి బడికి వెళ్లను" అంది.

ఆయన ప్రాణం చివుక్కుమంది. తన చెవికి తియ్యగా ఉందని పసిదాన్ని నవ్వులపాలు చేస్తాడా? ఇక ఆ పిలుపుకి పలకకూడదు. మోకాళ్ల మీద వంగి మంచం కిందికి చూశాడు.

"ఇక నన్ను తాతయ్యా అను. ఇంకోలా పిలిస్తే పలకను."

"మరి అమ్మమ్మ అలాగే పిలిచేదిగా?"

"అది ఆవిడ పిలుపమ్మా. ఆవిడకే ఉంచేద్దాం."

పొద్దున ఆయన అట్టకి జిగురు రాస్తున్నాడు.

"ఏమండీ, నా రిబ్బనేదీ?"

తలెత్తలేదు.

"ఏమండీ!"

నోటిదాకా వచ్చిన 'ఆఁ'ని మింగేశాడు. రాసిన చోటే మళ్లీ రాస్తున్నాడు.

"పలుకు నాన్నా, పాపం" అంది గుమ్మంలోంచి కూతురు, మాన్పించమన్న మనిషే. ఆయన తల అడ్డంగా ఊపాడు.

పిల్ల చరచరా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"తాతయ్యా! ఎన్నిసార్లు పిలవాలి మిమ్మల్ని? చెవుల్లో జిగురు పోసుకున్నారా ఏంటి?"

కూతురు ఫక్కున నవ్వేసి, వెంటనే మొహం అటు తిప్పుకుంది. అచ్చంగా అమ్మమ్మ విసుగు. ఆ తిట్టు ఆయన ఎన్నేళ్లు తిన్నాడో!

"వినబడిందమ్మా" అన్నాడు. బ్రష్షు పక్కన పెట్టి లేచాడు.

"పద, రిబ్బను వెతుకుదాం. బడికి టైమవుతోంది."