కేక వేయని మందు

గుడిసె వెనక నీళ్ళు పారబోయడానికి వెళ్ళిన సమ్మెటక్క, బండ నిండా కొత్తగా తొలిచిన రంధ్రాలు, రంధ్రాల నిండా కూరిన పేలుడు మందు, బయటికి వేలాడుతున్న వత్తులు చూసి బకెట్టు జారవిడిచింది.

కొండ ఎవరిదో పెద్దకోర్టు ఆ పూటే చెప్పాలి. కాంట్రాక్టరుదంటే గుడిసెలుండవు. క్వారీ కూలీలదంటే కాంట్రాక్టరుండడు. తీర్పింకా జడ్జి నోట్లోనే ఉంది. మందు మాత్రం అప్పుడే బండలోకి దిగింది!

"ఒరే తమ్ముడూ, ఇలా రా!"

క్వారీలో మందు పేల్చే పని తమ్ముడిదే. వత్తి పట్టుకు చూసి అతని ముఖం పాలిపోయింది.

"ఇది మనవాళ్ళు కూరింది కాదక్కా. నిన్న మనం పనిలో ఉండగా కాంట్రాక్టరు బయటివాళ్ళని దింపాడు."

క్షణాల్లో పేటంతా పోగైంది. కూలీల తరఫున వాదిస్తున్న వకీలు కూడా పరుగున వచ్చాడు.

"తొందరపడకండి! గుంపు కనబడితే జడ్జిలకు కోపమొస్తుంది. మొన్న కోర్టు వీధిలో ఊరేగింపు మానమని నేనన్నది అందుకేగా? ఆ కోర్టు రాజకీయాలకు అతీతం."

"అతీతమే బాబూ," అన్నాడు వరసకు అందరికీ బాబాయి అయిన ముసలి ఉలివాడు. "మరి తీర్పేంటో కాంట్రాక్టరుకి కలలో కనబడిందా?"

జనం గొల్లున నవ్వారు.

"వాడికి తెలుసు," అంది సమ్మెటక్క. "మనల్నే ఇంట్లో కూచోమన్నారు."

నవ్వు ఆగేలోపే పోలీసు వ్యాన్లు దిగాయి. వెనక జీపులో కాంట్రాక్టరు. "ఖాళీ చెయ్యండి! కొండ నాదే!" అని అరిచాడు.

"తీర్పొచ్చిందా?"

"వస్తుందిలే!"

మొదటి లాఠీ బాబాయి దవడ మీద పడింది. రెండో లాఠీ లేచేసరికి రాళ్ళు లేచాయి. రాళ్ళు కొట్టి బతికే చేతులవి, గురి తప్పుతాయా? ఆడవాళ్ళ తలలు పగిలాయి, పోలీసుల మోకాళ్ళు పగిలాయి. ఆ గందరగోళంలో తమ్ముడు ఎర్రగుడ్డ తలకు కట్టుకుని వత్తులు పీకడానికి బండెక్కాడు.

క్వారీలో ఒక కట్టుబాటు ఉంది. వత్తి ముట్టించే ముందు "మందో!" అని కేక వెయ్యాలి. "తప్పుకున్నాం!" అని అందరూ బదులివ్వాలి. ఒక్క గొంతు తగ్గినా మందు పేలకూడదు. కేక వెయ్యకుండా పేల్చినవాడు ఎంత మొనగాడైనా క్వారీ దృష్టిలో హంతకుడే.

ఆ రోజు కేక లేదు. బండ అవతల కాంట్రాక్టరు మనుషులు వత్తి ముట్టించారు. కొండ ఒక్కసారిగా విరిగి లేచింది. దుమ్ము తగ్గాక సమ్మెటక్కకు ముందు దొరికింది ఎర్రగుడ్డ. తరవాత దొరికినవన్నీ ఒక దుప్పటిలో మూటగట్టింది. ఆమె ఏడవలేదు. ఏడ్చే టైమెక్కడిది?

అప్పుడే పోలీసు వ్యానులో రేడియో పలికింది. కొండ కాంట్రాక్టరుదేనని అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది.

"అయిపోయింది," అన్నాడు వకీలు కూలబడి. "దానిపైన ఇంకో కోర్టు లేదు."

బాబాయి రక్తం ఉమ్మాడు. "దాని గోడలకి రాయి మోసింది ఎవరు? దారి మాకు తెలీదా?"

నిజమే. పెద్దకోర్టు అప్పటికే చేరి, ఇంకా కట్టించుకుంటున్న కొత్త భవనానికి రాయంతా ఆ కొండదే. రాళ్ళ లారీ వెళితే వెనక గేటు అడక్కుండానే తెరుచుకుంటుంది. లారీల్లో బండలకు బదులు మనుషులెక్కారు, పైన టార్పాలిన్ కప్పుకున్నారు. చోటు చాలనివాళ్ళు కోర్టు ముందు వీధికి నడిచారు. "రాయేనా?" అన్నాడు గేటు కావలివాడు. "రాయే, గట్టిది!" అన్నాడు డ్రైవరు.

లోపలికి పోయాక టార్పాలిన్లు లేచాయి. మెట్ల మీద పోలీసుల తుపాకులు పేలాయి. డ్రైవరు అక్కడే ఒరిగిపోయాడు. వెనకవాళ్ళు ఆగలేదు, అతన్ని భుజానికెత్తుకుని నడిచారు. నున్నటి రాతి నేల మీద రక్తం జారుతోంది, ఆ నేలను నున్నగా చెక్కినవాళ్ళే దాని మీద పరిగెత్తుతున్నారు. తుపాకి మడమలకు సమ్మెటలు ఎదురు నిలిచాయి. సమ్మెటక్క దెబ్బకు పెద్దజడ్జి గది తలుపు రెండు ముక్కలైంది.

ఆయన నల్లకోటు సగం విప్పుకుని ఉన్నాడు. ఆమె వెనకే వకీలు నిలబడ్డాడు. ఆమె తమ్ముడి ఎర్రగుడ్డ బల్ల మీద పరిచి, గొంతెత్తింది.

"మందో!"

వరండాలు, మెట్లు, వీధి ఒక్కటిగా బదులిచ్చాయి. పాత మాట కాదది.

"తప్పుకోం!"

జడ్జి కోటు విప్పడం ఆపాడు.

"మా బండ పేల్చే ముందు కేక ఎందుకు వెయ్యలేదు అయ్యగారూ?" అంది సమ్మెటక్క.

"ఎవరమ్మా... ఎవరు పోయారు?"

"నా తమ్ముడు. కేక ఎందుకు వెయ్యలేదు?"

ఆయన చూపు ఆ గుడ్డ మీదనుంచి కదల్లేదు.

"కేక వేస్తే జనం పోగవుతారు, వద్దని నేనే చెప్పాను. కాంట్రాక్టరుకి కబురు పంపిందీ నేనే. మాకు సైన్యం లేదమ్మా. ఎవరి బలమెంతో చూస్తాం, దాన్నే చట్టమని చదువుతాం. ఈ కేసులో రెండు తీర్పులు రాసుకున్నాను, ఒకటి వాళ్ళకి, ఒకటి మీకు. ఏది చదవాలో తేలక రోజూ ఆ కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. మీరొస్తారని భయపడ్డాను. మొన్న ఊరేగింపు లేదన్నారు. నమ్మలేక మళ్ళీ కిటికీ తెరిచాను. వీధి ఖాళీగా ఉంది... అందుకే నీ తమ్ముణ్ణి చంపాను."